ఉగ్గుగిన్నె దగ్గరి శాస్త్రం
(ముందుమాట)

పసిబిడ్డల ఆహారం మీద తెలుగులో పుస్తకాలు లేకపోలేదు. చాలావరకు విటమిన్ల పట్టికలతో మొదలై పట్టికలతోనే ముగుస్తాయి. అంగన్‌వాడీలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఈ అమ్మాయి తన పుస్తకాన్ని పొయ్యి దగ్గర మొదలుపెట్టింది. నాకు ముందుగా నచ్చింది అదే.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలే చాలు. ఆపైన పాలు ఒక్కటే చాలవు. అన్నప్రాశన ఘనంగా చేసి, మర్నాటి నుంచి పలచని పప్పుకట్టుతో సరిపెట్టే ఇళ్ళు మనకు కొత్త కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఆరు నెలలు దాటిన ఆ పిల్లల్లోనే రక్తహీనత తెలంగాణలో నూటికి 70 మందికి ఉంది.

దీనికి మందు మన దినుసుల్లోనే ఉందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పుడో చూపించింది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20: ఈ 'హైదరాబాద్ మిక్స్'లో 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. గింజధాన్యంలో కొరవడిన లైసిన్‌ను పప్పు పూరిస్తుంది. ఇనుము, విటమిన్ ఏ లాంటివి మాత్రం ఇంట్లో కొలిచి కలపలేం. అందుకే అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ళ దాకా నెలకు 2.5 కిలోల చొప్పున ఇచ్చే బాలామృతంలో వాటిని ముందే చేరుస్తారు. ఆ పిండిని ఇంటిల్లిపాదీ పంచుకుంటే బిడ్డ వాటా ఏమవుతుందో రచయిత్రి మొహమాటం లేకుండా రాసింది.

పుస్తకానికి ప్రాణం రాగుల అధ్యాయం. జావ ఉడికేకొద్దీ చిక్కబడుతుంది, బిడ్డ మింగలేదు. తల్లి నీళ్ళు పోస్తుంది. చిన్న పొట్ట నీళ్ళతోనే నిండిపోతుంది. రాగులు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి దోరగా వేయించి విసిరితే ఈ చిక్కు తీరుతుంది. మొలకలో పుట్టే ఎంజైము గంజిని విడగొడుతుంది. చిక్కటి జావ కాస్త చల్లారాక ఈ పిండి ఒక చెంచా వేసి కలిపితే కాసేపటికే జారుగా అవుతుంది, బలం తగ్గదు. తర్వాత మరొక పొంగు రానివ్వాలి. రాగులు మాడితే ఆ గుణమే పోతుందని రచయిత్రి హెచ్చరించింది. చేత్తో చేసి చూసినవాళ్ళే అంత కచ్చితంగా చెప్పగలరు.

బూజుపట్టిన పల్లీ ఒక్కటి కూడా పిండిలో పడకూడదని, ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదని ఆమె గట్టిగా చెప్పినందుకు నా ప్రత్యేక అభినందన.

ఒక్క సూచన. రెండేళ్ళలోపు పిల్లలకు చక్కెర, బెల్లం కలపకపోవడమే మంచిదని ఇప్పుడు నిపుణులు అంటున్నారు. రెండో ముద్రణలో తీపి లేని పాళ్ళు కూడా ఇస్తే బాగుంటుంది.

అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, ముఖ్యంగా మనవలను పెంచుతున్న అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ పుస్తకం చదవాలి. చదవడం రానివాళ్ళకు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించాలని నా విన్నపం.