బకెట్టు: అర్థమూ, వాడుకా

చేద, బొక్కెన, బాల్చీ, బకెట్టు - వీటిని నిఘంటువులు తరచు పర్యాయపదాలుగా చూపుతాయి. వాడుక దీనికి సమ్మతించదు. చేదతో బావినీళ్లు తోడతాం. బకెట్టును కుళాయి కింద పెడతాం. బాల్చీకి మూలం పోర్చుగీసు 'బాల్డె'. నీటివనరు మారినప్పుడు పాత్రా, పేరూ మారాయి.

బెంగళూరులో ఈ ఆంగ్లపదం మరొక అర్థం సంపాదించింది. కన్నడ వాడుకలో 'బకెట్ హిడియోదు' అంటే ముఖస్తుతి చేయడం. మన 'కాకా పట్టడం' వంటిది. 'హిడి' అంటే పట్టు. కనుక ఇక్కడి తెలుగు విద్యార్థి 'బకెట్ పట్టకు' అంటే అది భాషాదోషం కాదు, ఇరుగుపొరుగు భాషల సహవాసఫలితం. అయితే గుంటూరులో ఆ మాట నీళ్లబకెట్టుగానే అర్థమవుతుంది. అందువల్ల నిఘంటుకర్త దీనిని తిరస్కరించక, 'బెంగళూరు వాడుక' అన్న గుర్తుతో చేర్చుకోవడం న్యాయం.