రెండు రాళ్ళు కొడితే మంట రాదు

కథలో అడవి రాగానే ఒక ముసలాయన వస్తాడు. రెండు రాళ్ళు తీసి ఠక్కున కొడతాడు. మంట లేస్తుంది. పాఠాల్లోనూ ఇదే బొమ్మ. బయటివాళ్ళు రాస్తే సరేననుకోవచ్చు, మనమూ ఇదే రాస్తున్నాం. నా మొదటి కథలో నేనూ రాశాను.

అనుమానం ఉన్నవాళ్ళు వాగులోంచి రెండు పలుగురాళ్ళు తెచ్చి చీకట్లో కొట్టి చూడండి. మసక వెలుగు కనిపిస్తుంది, కాలిన వాసనలాంటిది వస్తుంది. దూది మాత్రం అంటుకోదు. చెకుముకిలో రవ్వ రాయిది కాదు, ఉక్కుది. ఉక్కు కంటే గట్టిదైన రాతి అంచు సన్నటి పొట్టు గీరుతుంది. ఆ పొట్టు గాలిలో మండుతూ రాలుతుంది. మెత్త ఇనుము పనికిరాదు. అరిగిపోయిన ఆకురాయి ముక్క మేలు.

మా నాయన గుండ్రాళ్ళ వైపు చూసేవాడే కాదు. రాయిని పగలగొట్టి అంచు మీద బొటనవేలు ఆనించేవాడు. గాజు పెంకులా పదునుగా చిట్లితే దాచుకునేవాడు, పొడి రాలితే పారేసేవాడు. అంచు మొద్దుబారితే చిన్న పెచ్చు లేపి మళ్ళీ పదును తెచ్చేవాడు. జీలుగు మట్టల మొదట్లో ఉండే నూగు గీరి, ఎండబెట్టి, వెదురు గొట్టంలో కుక్కేవాడు. వానాకాలమంతా ఆ గొట్టం పొయ్యి పైన అటక మీదే. రాతి అంచుకు ఆనేలా నూగును వేలితో అదిమి, ఉక్కుతో కిందికి గీరాలి. రవ్వ పడగానే మంట రాదు. నూగు కణకణమంటుంది. దాన్ని ఎండుగడ్డిలో చుట్టి మెల్లగా ఊదాలి.

మరి ఆ ఉక్కు ఎక్కడిది? సంతలో కమ్మరి దగ్గర అడ్డాకులిచ్చి తెచ్చుకున్నది. ‘రెండు రాళ్ళు’ అని రాయగానే సంత పోయింది, కమ్మరి పోయాడు, బేరమాడిన మా నాయన పోయాడు. రాతియుగం మనిషి మిగిలాడు. నిజానికి రాతియుగంవాళ్ళూ ఏవో రెండు రాళ్ళు కొట్టలేదు. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన అయిదువేల ఏళ్ళనాటి మనిషి దగ్గర రవ్వ పట్టే పుట్టగొడుగు ఉంది, దానికి పైరైట్ అనే ఇనుప ఖనిజపు పొడి అంటుకుని ఉంది.

ఆ పాఠం విన్న రోజు మా మేనకోడలు బడి నుంచి వచ్చి, “మామా, తాత ఆదిమానవుడా? అందరూ నవ్వారు” అంది. నేను జవాబు చెప్పలేదు. అటక మీది గొట్టం దించి చేతికిచ్చాను. చాలాసార్లు గీరితే గానీ నూగు అంటుకోలేదు. వేలి కణుపు మీద తోలు లేచింది. మర్నాడు గొట్టం బడికి తీసుకెళ్తానంది. టీచరు ఒప్పుకున్నారు.