‘గొమొర్రా’ చిత్రం: చీలిన ప్రేక్షకస్పందన – తెలుగు నేరచిత్రాలతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇటలీ దర్శకుడు మత్తెయో గర్రోనే తీసిన ‘గొమొర్రా’ (2008) నేపుల్స్ ప్రాంతంలోని ‘కమొర్రా’ నేరవ్యవస్థను చిత్రించింది. విమర్శకులు ఈ చిత్రానికి పెద్దపీట వేశారు. ప్రేక్షకుల్లో ఒక వర్గం మాత్రం దీనిని కథలేని, మనసుకు పట్టని చిత్రంగా భావించింది. ఈ చీలిక కేవలం అభిరుచిభేదం కాదని, నేరాన్ని అర్థం చేసుకునే రెండు పద్ధతుల మధ్య ఉన్న వైరుధ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘మాభూమి’, ‘రక్తచరిత్ర’, ‘మర్డర్’ చిత్రాలతో పోల్చి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సామాజికానుభవం వెలుగులో ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: గొమొర్రా, వాస్తవికత, సాధారణీకరణం, బీభత్సం, నేరచిత్రం, మిర్యాలగూడ, మూసీ.

1. ఉపోద్ఘాతం:

రొబెర్తో సవియానో 2006లో వెలువరించిన గ్రంథం ‘గొమొర్రా’ చిత్రానికి ఆధారం. ఆ గ్రంథం వెలువడిన కొద్దినెలలకే బెదిరింపుల కారణంగా రచయిత పోలీసురక్షణలోకి వెళ్లవలసి వచ్చింది. చిత్రం 2008లో కాన్ చలనచిత్రోత్సవంలో గ్రాంప్రీ పురస్కారాన్ని, అదే సంవత్సరం ఐరోపా చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమచిత్ర గౌరవాన్ని పొందింది. ఇంత గుర్తింపు ఉన్నప్పటికీ ఈ చిత్రంపై ఏకాభిప్రాయం లేదు. కొందరికి ఇది నేరప్రపంచాన్ని ఉన్నదున్నట్లు చూపిన అరుదైన రచన. మరికొందరికి ఎవరు ఎవరో తెలియని, ఎవరిమీదా జాలి కలగని, ముగింపులో ఏ ఊరటా దొరకని చిత్రం. ఈ రెండు స్పందనలూ చిత్రంలోని ఒకే లక్షణం నుంచి పుట్టాయి. ఆ లక్షణాన్ని గుర్తిస్తే, తెలుగు నేరచిత్రాలు ప్రేక్షకుణ్ణి ఎక్కడ నిలబెడుతున్నాయో కూడా తేటపడుతుంది.

2. కేంద్రం లేని కథనం:

చిత్రంలో ఐదు కథలు ఉన్నాయి. టోటో ఇంటింటికీ సరుకులు చేరవేసే బాలుడు. డాన్ చీరో జైలుపాలైన ముఠాసభ్యుల కుటుంబాలకు నెలనెలా సొమ్ము పంచే గుమాస్తా వంటివాడు. పాస్క్వాలే ఖరీదైన దుస్తులు కుట్టే దర్జీ. రొబెర్తో విషవ్యర్థాలను పాతిపెట్టించే ఫ్రాంకో దగ్గర పనికి చేరిన యువకుడు. మార్కో, చీరో అనే ఇద్దరు కుర్రాళ్లు సొంతంగా దొరలు కావాలని కలలు కంటారు. ఈ ఐదు కథలు ఒకదానితో ఒకటి కలవవు. వీటన్నిటినీ నడిపించే నాయకుడు తెరమీదికి రాడు. అతడు ఒక వ్యక్తి కాకపోవడమే ఇందుకు కారణం.

ఈ పద్ధతికి ఇటలీ సినిమాలో పూర్వరంగం ఉంది. రొస్సెల్లీని ‘పైసా’ (1946) ఆరు విడివిడి కథల్లో యుద్ధకాలపు ఇటలీని చూపింది. ఫ్రాంచెస్కో రోసి ‘సల్వతోరె జూలియానో’ (1962)లో బందిపోటు పేరే చిత్రనామం అయినా అతడు ప్రధానంగా శవంగానే కనిపిస్తాడు. అతని చుట్టూ ఉన్న రాజకీయమే అక్కడ కథ. గర్రోనే ఈ దారిని మరింత ముందుకు తీసుకువెళ్లాడు. పాత్రల వెన్నంటి నడిచే చేతికెమెరా, నేపథ్యసంగీతపు లేమి, ఇటలీలోనే ఉపశీర్షికలు అవసరమైన నేపుల్స్ మాండలికం, స్కాంపియాలోని శిథిల నివాససముదాయం కలిసి ప్రేక్షకుడికి ఎత్తైన చోటు ఏదీ మిగల్చవు. పాత్రకు తెలిసినంతే ప్రేక్షకుడికీ తెలుస్తుంది.

3. స్పందనలో చీలిక – కారణాలు:

చిత్రాన్ని మెచ్చనివారి అభ్యంతరాలు ప్రధానంగా మూడు. కథలు అతకవు, పాత్రలతో తాదాత్మ్యం కుదరదు, హింసకు ముందు ఉత్కంఠ గాని తరువాత ఫలితం గాని ఉండవు. ఈ పరిశీలనల్లో అసత్యం లేదు. చిత్రం ఉద్దేశపూర్వకంగా చేసినవి ఇవే.

మార్కో, చీరోల కథ ఇందుకు నిదర్శనం. పాడుబడిన భవంతిలో ఆ ఇద్దరూ ‘స్కార్‌ఫేస్’ (1983)లోని టోనీ మొంటానాను అనుకరిస్తూ కనిపిస్తారు. తాము నాయకులున్న సినిమాలో ఉన్నామని వారి నమ్మకం. వారు బతుకుతున్న చోటు అటువంటిది కాదు. చివరికి వారి శవాలను మట్టి ఎత్తే యంత్రపు తొట్టిలో వేసుకుని సముద్రతీరం వెంట తీసుకుపోతారు. అక్కడ మరణవాక్యం లేదు, ప్రతీకారం లేదు, విషాదగీతం లేదు. నేరచిత్రం నుంచి ప్రేక్షకుడు సాధారణంగా కోరుకునేదాన్నే ఆ కుర్రాళ్లు తమ జీవితం నుంచి కోరుకున్నారు. చిత్రం వారికి ఇవ్వనిదాన్ని ప్రేక్షకుడికీ ఇవ్వదు. కొందరికి కలిగిన నిరాశ చిత్రవస్తువులో అంతర్భాగమేనని దీనివల్ల గ్రహించవచ్చు.

4. రసదృష్టితో పరిశీలన:

భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణ ప్రక్రియలో విభావాదులు వ్యక్తిగతమైన ఎల్లలు దాటి సహృదయునికి ఆస్వాద్యమవుతాయి. వాణిజ్య నేరచిత్రంలో ఈ పని ఆలంబనమైన నాయకుని ద్వారా జరుగుతుంది. అతని క్రోధం రౌద్రంగా, ఉత్సాహం వీరంగా పరిణమిస్తాయి. చంపడం కూడా ఆస్వాద్యమయ్యేది ఈ మార్గంలోనే.

‘గొమొర్రా’లో ఆలంబనం చెదిరిపోయింది. టోటో సంఘటనను గమనించవచ్చు. అతడు రోజూ సరుకులు ఇచ్చే మరియా కొడుకు ప్రత్యర్థిముఠాలో చేరతాడు. ఆమెను ఇంటి నుంచి బయటికి రప్పించే ఎరగా టోటోనే వాడుకుంటారు. ఈ దృశ్యంలో రౌద్రానికి చోటు లేదు, కరుణ నిలదొక్కుకునేంత వ్యవధి లేదు. మిగిలేది జుగుప్స స్థాయిగా గల బీభత్సం. వీరరసం ఆశించి వచ్చినవారికి బీభత్సం దక్కినప్పుడు రసభంగమైనట్లు తోస్తుంది. బీభత్సమే అంగిరసమని గ్రహించినవారికి అదే ఔచిత్యంగా కనిపిస్తుంది. స్పందన చీలింది ఇక్కడే.

5. తెలుగు తెర – పక్షం ఉన్న వాస్తవికత:

తెలుగు ప్రేక్షకులకు వాస్తవిక చిత్రణ కొత్త కాదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు నిర్మించిన ‘మాభూమి’ (1979) తెలంగాణ సాయుధపోరాటాన్ని ఇక్కడి భాషలో, ఇక్కడి పల్లె ముఖాలతో చూపింది. ఆ పోరాటానికి ముఖ్యకేంద్రాల్లో సూర్యాపేట ప్రాంతం ఒకటి. ఆ చిత్రంలోనూ క్రూరత్వం ఉంది, ఓటమి ఉంది. అయినా ప్రేక్షకుడు ఎటు నిలవాలన్న విషయంలో సందిగ్ధం లేదు. రామయ్య మరణించినా పోరాటం ఆగదన్న సూచన ప్రేక్షకుడికి దారి చూపుతుంది.

నేరచిత్రాల దారి వేరు. రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ (1989) రౌడీముఠాను పరిచితమైన కళాశాల ఆవరణలోకి తెచ్చింది. అయినా జ్ఞాపకంలో మిగిలింది ముఠా పనితీరు కాదు, సైకిల్ చైన్ తెంపిన నాయకుని చేయి. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) వంటి చిత్రాల్లో ముఠాకక్ష నాయకుని పౌరుషానికి వేదికగా మారింది. పరిటాల రవి జీవితం ఆధారంగా 2010లో రెండు భాగాలుగా వచ్చిన ‘రక్తచరిత్ర’ ఈ ధోరణిలో ఒక మలుపు. మొదటి భాగంలో న్యాయమైన ప్రతీకారంగా తోచిన హింస రెండవ భాగంలో ప్రత్యర్థి సూరి కంటితో చూసినప్పుడు నేరంగా మారుతుంది. తెలుగు నేరచిత్రం ‘గొమొర్రా’కు బాగా దగ్గరగా వచ్చిన సందర్భం ఇది. అయినా అక్కడ మారింది నాయకుడే. నాయకస్థానం ఖాళీ కాలేదు. కక్షలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, మనుషులను ఎవరు సమకూరుస్తారు, ఎవరి కుటుంబాన్ని ఎవరు పోషిస్తారు అన్న ప్రశ్నలు అంచుల్లోనే ఉండిపోయాయి. డాన్ చీరో వంటి గుమాస్తా తెలుగు ముఠాకక్షల చిత్రంలో ప్రధానపాత్ర కాలేదు.

6. మిర్యాలగూడ – హత్యకు కేంద్రం ఎవరు?

ఈ చర్చ తెలుగునేలపై ఎంత తీవ్రమైనదో మిర్యాలగూడ ఉదంతం తెలుపుతుంది. 2018 సెప్టెంబరు 14న, కులాంతరవివాహం చేసుకున్న ఒక దళితయువకుణ్ణి ఆసుపత్రి వెలుపల గర్భవతి అయిన భార్య కళ్లముందే కిరాయిహంతకుడు నరికి చంపాడు. కోటి రూపాయల సుపారీ ఒప్పందం జరిగిందని పోలీసులు ప్రకటించారు. ప్రధాన నిందితుడైన వధువు తండ్రి విచారణ ముగియకముందే 2020 మార్చిలో మరణించాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవశిక్ష విధించింది.

ఈ ఘటన ఆధారంగా రామ్‌గోపాల్ వర్మ సమర్పణలో ‘మర్డర్’ చిత్రం 2020లో వచ్చింది. దానిని ‘ఫాదర్స్ డే’ నాడు ప్రకటించారు. ‘కుటుంబకథాచిత్రమ్’ అన్నది దాని ఉపశీర్షిక. బాధితురాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా విడుదల కొంతకాలం నిలిచింది. అనంతరం హైకోర్టు అనుమతితో అది డిసెంబరులో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. తండ్రి మనోవేదనను ఎందుకు చూపకూడదన్నది ఒక వాదం. ఆ వేదనను కేంద్రం చేయడమే హత్యకు సానుభూతి సమకూర్చడమన్నది మరొక వాదం.

ఈ వివాదం ‘గొమొర్రా’ ప్రశ్ననే మరొక రూపంలో అడుగుతుంది. మిర్యాలగూడ హత్యలో కులాహంకారం ప్రేరణ. అది కార్యరూపం దాల్చడానికి బేరం, బయానా, మధ్యవర్తులు, రెక్కీ, పరప్రాంతం నుంచి వచ్చిన హంతకుడు కావలసివచ్చింది. పరువు అనే భావనకు, కిరాయి అనే లావాదేవీకి మధ్య ఉన్న ఆ గొలుసే నేరపు అసలు స్వరూపం. కుటుంబకథగా ప్రకటించిన చిత్రం ఆ గొలుసును తండ్రి మనసులోకి కుదించే ప్రమాదం ఉంది. వాస్తవఘటనను ఎన్నుకోవడం వల్లనే వాస్తవికత రాదు. ఘటనను ఎక్కడి నుంచి చూస్తున్నారన్నది దానిని నిర్ణయిస్తుంది.

7. సరుకు, మురుగు – ప్రాంతీయ పఠనం:

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్-విజయవాడ జాతీయరహదారిపై ఉన్న వ్యాపారకేంద్రాలు. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమకాలువ ఆయకట్టులో రైసుమిల్లులకు పేరొందిన పట్టణం. ధాన్యం పొలం నుంచి కల్లానికి, మిల్లుకు, లారీకి చేతులు మారే తీరు, ప్రతి మజిలీలో తరుగు, కమీషన్ అనే మాటల బరువు ఇక్కడివారికి తెలుసు. ‘గొమొర్రా’లో కుట్టుపని వేలం పాడే దృశ్యం ఇటువంటి ప్రేక్షకునికి పరాయిది కాదు. తక్కువ ధరకు, తక్కువ రోజుల్లో చేస్తానన్నవాడికే పని దక్కుతుంది. ఆ భారం చివరికి దర్జీ వేళ్లమీద పడుతుంది. ఆ పని వదిలి లారీడ్రైవరైన పాస్క్వాలే తాను కుట్టిన గౌనును ఒక సినీతార ధరించగా టీవీలో చూస్తాడు. గొలుసు మొదటికొస, చివరికొస ఒకదానికొకటి తెలియవు.

మరొక దృశ్యం ఇంకా దగ్గరిది. ఒక ముసలి రైతుస్త్రీ రొబెర్తోకు పెట్టెడు పండ్లు ఇస్తుంది. అవి విషవ్యర్థాలు కలిసిన నేలలో పండినవని తెలిసిన ఫ్రాంకో వాటిని దారిలో పారబోయిస్తాడు. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ సూర్యాపేట సమీపంలో సోలిపేట వద్ద ప్రాజెక్టుగా నిలిచి పొలాలకు పారుతుంది. ఆపై వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మూసీ కాలుష్యం కమొర్రా వంటి ముఠా పని కాదు. ఈ భేదాన్ని చెరిపివేయడం పొరపాటు. అయితే నగరం వదిలించుకున్నది పల్లె పంటలోకి చేరడమనే అనుభవం రెండుచోట్లా ఉంది. తుపాకి పేలని ఈ దృశ్యాన్ని ‘ఏమీ జరగని’ దృశ్యంగా ఒకరు చూడవచ్చు. మూసీ ఆయకట్టు తెలిసినవారు దానిని చిత్రంలోని ప్రధానహత్యగా చూడగలరు.

8. చిత్రపరిమితి:

మెచ్చనివారి వాదంలో ఒక న్యాయం కూడా ఉంది. సవియానో గ్రంథంలో కమొర్రాను ఎదిరించి 1994లో హత్యకు గురైన మతాచార్యుడు పెప్పె దియానాకు ముఖ్యస్థానం ఉంది. చిత్రంలో ఆయన లేడు. రొబెర్తో పని మానుకుని రోడ్డుపై నడిచిపోవడం, పాస్క్వాలే వృత్తి మార్చుకోవడం మాత్రమే అక్కడ కనిపించే నిరాకరణలు. అవి వ్యక్తిగతమైనవి. సామూహికప్రతిఘటన తెరమీద లేదు. ‘మాభూమి’ పక్కన పెడితే ఈ లోటు స్పష్టమవుతుంది. వ్యవస్థను సర్వవ్యాపిగా చూపే చిత్రం దానిని అజేయంగా భ్రమింపజేసే అవకాశం ఉంది.

9. ముగింపు:

- ‘గొమొర్రా’పై చీలిన స్పందనకు మూలం హింసాపరిమాణం, కథనవేగం కావు. నేరానికి కేంద్రం వ్యక్తి అన్న ఊహకు, అది ఒక ఏర్పాటు అన్న ఊహకు మధ్య ఘర్షణే మూలం.
- తెలుగు నేరచిత్రాలు వాస్తవవ్యక్తులను స్వీకరించినా నాయకస్థానాన్ని వదులుకోలేదు. ‘రక్తచరిత్ర’ నాయకుణ్ణి మార్చింది. ‘మర్డర్’ ప్రచారం తండ్రిని ముందు నిలిపింది.
- రసదృష్టితో చూస్తే ‘గొమొర్రా’ది రసభంగం కాదు. అది బీభత్సం అంగిరసంగా గల నిర్మాణం.
- ‘మాభూమి’లోని సామూహికచైతన్యాన్ని, ‘గొమొర్రా’లోని ఆర్థికదృష్టిని కలిపి చూడగల చిత్రం తెలుగులో ఇంకా రావలసి ఉంది. మిర్యాలగూడ వంటి హత్యను సుపారీసొమ్ము నడిచిన దారి వెంట చూపగలిగినప్పుడు, ‘తండ్రి బాధను అర్థం చేసుకోవాలి’ అన్న మాటతో ప్రేక్షకుడు తప్పించుకునే వీలుండదు.