విపత్తులు – ప్రాచీన నాగరికతలు: గొట్టిప్రోలు ఆధారంగా ఒక విమర్శ

1. పరిచయం

ప్రాచీన నగరాలు ఎందుకు అంతరించాయన్న ప్రశ్నకు వరద, కరువు, భూకంపం, మహమ్మారి అనే సమాధానాలు చరిత్ర గ్రంథాలలో తరచు కనిపిస్తాయి. వీటిలో కొంత సత్యం ఉంది. అయితే ఒక విపత్తు జరిగిందని చూపడం వేరు, దానివల్లనే నాగరికత పతనమైందని నిరూపించడం వేరు. తిరుపతి జిల్లా నాయుడుపేట సమీపంలోని గొట్టిప్రోలు ఉదాహరణగా ఈ తేడాను పరిశీలిద్దాం.

2. లభించిన ఆధారాలు

గొట్టిప్రోలు నాయుడుపేటకు తూర్పున, స్వర్ణముఖి నదీ ప్రాంతంలో, సముద్రతీరానికి చేరువగా ఉంది. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2018–19లో జరిపిన తవ్వకాలలో ఇక్కడ ఇటుక ప్రాకారంతో కూడిన విశాలమైన ఆవాసం బయటపడింది. ఇటుకల పరిమాణం శాతవాహన, ఇక్ష్వాకు కాలపు కట్టడాలను గుర్తుచేస్తుంది. సీసపు నాణేలు, పలు రకాల మట్టిపాత్రలు లభించాయి. సముద్ర వ్యాపారంతో దీనికి సంబంధం ఉండవచ్చునని పురావస్తువేత్తలు భావించారు. పల్లవ శైలికి చెందిన, సుమారు 8వ శతాబ్దపు చతుర్భుజ విష్ణు విగ్రహం కూడా ఇక్కడ దొరికింది.

3. నమ్మదగినట్లు కనిపించే వాదం

18వ శతాబ్ది చివరలో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. అవి ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినాల పేరిట ముద్రించినవి, అంటే క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందినవి. క్రీ.శ. 165 నుండి రోమన్ సామ్రాజ్యంలో ఆంటొనైన్ మహమ్మారి వ్యాపించింది. 3వ శతాబ్ది తొలినాళ్లలో శాతవాహన రాజ్యం ముగిసింది. ఈ మూడింటినీ వరుసగా పేర్చి, ‘మహమ్మారి వల్ల రోమ్ వ్యాపారం దెబ్బతిన్నది, దానితో మన తీరపట్టణాలు క్షీణించాయి’ అని తేల్చడం సులభం.

ఈ వాదంలో మూడు లోపాలున్నాయి.

(అ) ఒక నిధిలోని చివరి నాణెం, ఆ నిధిని అంతకుముందు పాతిపెట్టలేదని మాత్రమే చెబుతుంది. వ్యాపారం ఎప్పుడు ఆగిందో చెప్పదు.

(ఆ) 4, 5 శతాబ్దాల రోమన్ రాగి నాణేలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ లభించాయి. కాబట్టి ఆ వ్యాపారం పూర్తిగా ఆగిపోలేదు.

(ఇ) 3వ శతాబ్దంలోనే ఇక్ష్వాకుల విజయపురి, నేటి నాగార్జునకొండ, విహారాలతో వర్ధిల్లింది. గొట్టిప్రోలులోని విష్ణు విగ్రహం కూడా తరువాతి శతాబ్దాలలో ఆ ప్రాంతంలో జనజీవనం ఉందని సూచిస్తుంది.

మహమ్మారి ప్రభావం అసలు లేదని దీని అర్థం కాదు. పతనానికి అదే కారణమనడానికి ఈ ఆధారాలు చాలవని మాత్రమే అర్థం.

4. ఇతర ఉదాహరణలు

క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను అంటువ్యాధి పట్టి పీడించింది. మరుసటి ఏడాది పెరిక్లిస్ కూడా మరణించాడు. అయినా ఆ నగరం క్రీ.పూ. 404 వరకు స్పార్టాతో పోరాడగలిగింది. సింధు నాగరికత విషయంలో వర్షపాతం తగ్గడం ముఖ్యమైన కారణంగా నేడు చర్చలో ఉంది. అక్కడ కూడా పెద్ద నగరాలు క్షీణించాయి గాని ప్రజలు తూర్పు ప్రాంతాలలో, గుజరాత్‌లో చిన్న గ్రామాలుగా కొనసాగారు. విపత్తు తరువాత ప్రజలు ఏం చేశారన్నది కూడా చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నే.

5. పాలకుల నిర్ణయాలు

1876–78 నాటి ధాత కరువులో రాయలసీమ తీవ్రంగా నష్టపోయింది. వానలు రాకపోవడం ప్రకృతి వల్ల జరిగింది. కాని ఆ సమయంలో దేశం నుండి ధాన్యం ఎగుమతి కొనసాగడం, సహాయ పనుల కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ రోజుకు ఒక పౌను ధాన్యం స్థాయికి తగ్గించడం పాలకుల నిర్ణయాలు. మద్రాసు ప్రభుత్వ వైద్యాధికారి కార్నిష్ ఆ తగ్గింపును వ్యతిరేకించాడు. ఈ సంగతులు మనకు తెలియడానికి కారణం ప్రభుత్వ పత్రాలు మిగిలి ఉండటమే.

ప్రాచీన స్థలాలలో అటువంటి పత్రాలు చాలా అరుదు. వరద వస్తే మట్టిలో ఒండ్రు పొర మిగులుతుంది. గాదెలు మూసిన అధికారి, పన్ను తగ్గించని రాజు ఆ మట్టిలో ఏ గుర్తునూ మిగల్చరు. అందువల్ల కనిపించే కారణమే ఏకైక కారణమని భావించే ప్రమాదం ఉంది. అలా భావిస్తే పాలకుల బాధ్యత చరిత్ర నుండి తప్పుకుంటుంది.

6. సారాంశం

విపత్తును పతనానికి కారణంగా చెప్పే ముందు మూడు విషయాలు పరిశీలించాలి: రెండింటి కాలం నిజంగా కలుస్తున్నదా? ఆ స్థలంలోనే ప్రత్యక్ష ఆధారం ఉందా? అదే కాలంలో ఇతర ప్రాంతాలు ఎలా ఉన్నాయి? నెల్లూరు నాణేలపై నిర్మించిన వాదం ఈ పరీక్షలో నిలబడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నాణేల నిధి ఆధారంగా వ్యాపార క్షీణతను నిర్ణయించడంలోని లోపాన్ని వివరించండి.

2. 2021 నవంబరులో స్వర్ణముఖికి వచ్చిన వరదలను గాని, మీ ప్రాంతపు మరొక విపత్తును గాని తీసుకొని, ప్రకృతి వల్ల కలిగిన నష్టాన్ని, మానవ నిర్ణయాల వల్ల కలిగిన నష్టాన్ని వేరుచేసి రాయండి.