ఒంటరి కమ్మరికి ఇరవై టన్నుల తోడు

కొలిమి పని ఒక్కరితో అయ్యేది కాదు. కమ్మరి పట్టకారుతో ఇనుమును తిప్పుతుంటే ఎదురుగా నిలబడి సమ్మెట వేసేవాళ్లు ఒకరిద్దరు ఉండాలి. అమెరికాలో ఇంటి వెనక షెడ్డులో ఒక్కడే కత్తులు చేసుకునేవాడికి ఆ మనుషులు ఎక్కడ దొరుకుతారు? చాలామంది ఆ కొరతను సొంతంగా కట్టుకున్న హైడ్రాలిక్ ప్రెస్‌తో తీర్చుకున్నారు.

1973లో మేరీలాండ్‌కు చెందిన బిల్ మోరన్ పొరల చారలు తేలే డమాస్కస్ కత్తులను ప్రదర్శనకు పెట్టాక అక్కడ ఈ విద్యకు మళ్లీ ప్రాణం వచ్చింది. రెండు రకాల ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, 1,200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో అతికించి, సాగదీసి, కోసి, మళ్లీ పేర్చాలి. 15 పొరల దిమ్మెను నాలుగు ముక్కలుగా కోసి పేరిస్తే 60 పొరలు, ఇంకోసారి చేస్తే 240. (పాత డమాస్కస్ కత్తుల కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు మన తెలంగాణలోని కోనసముద్రం వచ్చి కొనుక్కుపోయిన ఉక్కు వేరు. దాని చారలు మూసలో కరిగి గడ్డకట్టిన ఉక్కులోంచే పుట్టేవి.)

ఇంత సాగదీతలో చేతి సుత్తి దెబ్బ బలం చాలావరకు పైపైనే ఖర్చయిపోతుంది. ప్రెస్ నింపాదిగా నొక్కుతుంది కాబట్టి ఒత్తిడి దిమ్మె నడుమ దాకా దిగి, లోపలి పొరలూ కలుస్తాయి. పవర్ హ్యామర్‌లా నేల అదరదు, ఇరుగుపొరుగుకు నిద్ర చెడదు.

లెక్క సులువే. 5 అంగుళాల సిలిండర్ వైశాల్యం దాదాపు 19.6 చదరపు అంగుళాలు. నూనె పీడనం చదరపు అంగుళానికి 2,500 పౌండ్లయితే బలం 49,000 పౌండ్లు, అంటే 22 టన్నుల పైమాటే. అయితే కొత్తగా కట్టేవాళ్లు టన్నులే చూసి వేగం మరిచిపోతారు. మోటారు, పంపు మార్చకుండా సిలిండర్ లావు పెంచితే బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. నెమ్మదిగా దిగే ప్రెస్‌లో చల్లని డైలు, అంటే దిమ్మెను పైనా కిందా నొక్కే ఉక్కు అచ్చులు, దాని వేడిని లాగేసుకుంటాయి. ఎర్రదనం మసకబారాక నొక్కితే అతుకులు విడిపోతాయి. నా మట్టుకు నేను, నత్తనడక 40 టన్నుల ప్రెస్ కంటే చురుకైన 20 టన్నులదాన్నే కోరుకుంటాను.

చట్రానికి బరువైన ఐ-బీములు, లోతైన వెల్డింగు కావాలి. సిలిండర్ ఎంత బలంతో కిందికి నొక్కుతుందో చట్రాన్ని అంతే బలంతో పైకి తోస్తుంది. నూనె పీడనం హద్దు దాటకుండా రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి. చెయ్యి తీయగానే ర్యామ్ (పై డైని దించే భాగం) ఆగిపోయే లీవర్ ఉండాలి. గొట్టాలు కొలిమికి దూరంగా, ఇనుప రేకు చాటున నడవాలి. గొట్టానికి సూదిమొనంత చిల్లి పడినా చాలు, అందులోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరం. అందుకే కారుతున్న చోటును చేత్తో తడమకూడదు, అట్టముక్కతో వెతకాలి.

మొదటి అతుకు చదునైన డైలతో, మెత్తగా వేయాలి. తొందరపడి గట్టిగా నొక్కితే పొరలు పక్కకు జారతాయి. అతుకు నిలిచాక గుండ్రటి అంచున్న డైలు బిగించి సాగదీస్తారు. కావలసిన మందం దగ్గర ఆగేందుకు డైల మధ్య ఇనుప దిమ్మెలు అడ్డం పెడతారు.

మొన తీయడానికి, అంచు పలచన చేయడానికి మాత్రం చాలామంది దాగలి దగ్గరికే వెళ్లి చేతి సుత్తి పట్టుకుంటారు. అంత పలచని ఇనుమును ప్రెస్ డైలు క్షణాల్లో చల్లార్చేస్తాయి.