కూల్చివేతకూ ఒక లెక్క ఉంది

ఒంటి మీద పొలుసులు లేచిన పిల్లను చూస్తే మన ఊళ్లలో ముందు వచ్చే ప్రశ్న “అంటుకుంటుందా?” అని. ఆ తర్వాతది పెళ్లి సంబంధం సంగతి. అయినవాళ్లే కంచం దూరం జరుపుతారు. ఈ పుస్తకం రాసిన అమ్మాయి నా దగ్గర జీవరసాయనశాస్త్రం చదువుకుంది. ఆపైన అణుజీవశాస్త్ర పరిశోధనకు వెళ్లి, కణంలో ప్రోటీన్లు ఎలా విచ్ఛిన్నమవుతాయో, ఆ పని గాడి తప్పితే చర్మానికి ఏమవుతుందో తేల్చడమే వ్రతంగా పెట్టుకుంది. ఇంత చదివినా ఆ దూరం జరిపిన కంచాన్ని మరిచిపోలేదు. ముందుమాట రాయమనగానే సంతోషంగా ఒప్పుకున్నది అందుకే.

చాలాకాలం శాస్త్రం దృష్టంతా ప్రోటీన్ల తయారీ మీదే ఉంది. అవి ఎలా పోతాయన్నదానికి పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా దక్కితే గొప్ప. హైఫాలో అవ్రామ్ హెర్ష్కో, ఆరోన్ సీచనోవర్, వారితో కలిసి అమెరికాలో ఇర్విన్ రోజ్ చేసిన పని ఆ చూపు మార్చింది. తీసేయాల్సిన ప్రోటీన్‌కు కణం యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీన్‌ను గుర్తుగా తగిలిస్తుంది. ఆ గుర్తున్నదాన్ని ప్రోటియజోమ్ అనే కణయంత్రం లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. 2004లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది. విరగ్గొట్టడానికి కూడా కణం తన శక్తి నాణెమైన ఏటీపీని ఖర్చు పెడుతుందంటే ఆ పనికి అది ఎంత విలువ ఇస్తుందో చూడండి. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. తర్వాత ఆయన నాయకత్వంలో లెడర్లీ మందుల కంపెనీలో తయారైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ సోరియాసిస్ రోగులు వాడుతున్నారు.

పుస్తకానికి ప్రాణం నాలుగో అధ్యాయం. కొందరు పసికందులు కాళ్ల మీద అక్కడక్కడా చర్మమే లేకుండా పుడతారు. కాస్త రాపిడికే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అనే ఈ జబ్బులో చర్మకణాలకు ఆధారమిచ్చే కెరటిన్ అనే ప్రోటీన్ జన్యువును అనుమానించడం ఆనవాయితీ. కానీ కొన్ని కుటుంబాల్లో ఆ జన్యువు నిక్షేపంగా ఉంది. 2016లో చైనా, ఐరోపా పరిశోధకులు దాదాపు ఒకేసారి అసలు లోపం పట్టుకున్నారు. కెరటిన్-14ను విచ్ఛిన్నానికి పంపించే కేఎల్‌హెచ్‌ఎల్24 అనే ప్రోటీన్ వీళ్లలో మొదటి 28 అమైనో ఆమ్లాలు లేకుండా తయారవుతోంది. మామూలుగా అది తన పని చేసుకుని తానూ విచ్ఛిన్నమైపోవాలి. పొట్టిదైన ఈ ప్రోటీన్ అలా పోదు, పేరుకుపోతుంది. పెళ్లయ్యాక పందిరి విప్పాల్సిన మనిషి తలంబ్రాల వేళకే గుంజలు పీకినట్టు, కావాల్సిన కెరటిన్‌నూ తీసేస్తుంది. ఆధారం పోయి కణాలు చిట్లుతాయి. ఈ రోగుల్లో కొందరికి పెద్దయ్యాక గుండె కండరం కూడా దెబ్బతింటుంది కాబట్టి గుండె పరీక్ష తప్పనిసరి అని రచయిత్రి నొక్కి చెప్పింది. చర్మవైద్యులు ఆ వాక్యం కింద గీత గీసుకోవాలి.

ఫిలాగ్రిన్ గురించి రాసిన పేజీలు కొంచెమే అయినా చక్కగా ఉన్నాయి. ఆ ప్రోటీన్ విరిగితే వచ్చే అమైనో ఆమ్లాలే చర్మంలో తడి నిలుపుతాయి. విరగడం అన్నివేళలా నష్టం కాదని అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నెదర్టన్ సిండ్రోమ్‌ది మరో దారి. చర్మం పైపొరలో మృతకణాలను కలిపి ఉంచే బంధాలను తెంచడానికి కొన్ని ఎంజైములుంటాయి, వాటిని అదుపులో పెట్టే ప్రోటీన్ ఒకటుంటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే స్పింక్5 జన్యువు చెడితే ఈ జబ్బు వస్తుందని 2000లో తేలింది. అదుపు తప్పిన ఎంజైములు ముందే కోత మొదలుపెడతాయి. బిడ్డ ఎర్రగా కంది, పొరలు పొరలుగా ఊడుతూ ఒంట్లో నీళ్లు కోల్పోతుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన జన్యువు వస్తేనే ఈ జబ్బు. ఆ లోపాన్ని ఇద్దరూ మోస్తున్న దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెంచే మేనరికాలు మామూలైన మన ప్రాంతంలో ఈ లెక్క పెళ్లికి ముందే తెలియాలి. కడుపుతో ఉండగా గ్రహణం చూసిందనో, ఇంట్లో ఎవరో పామును చంపారనో కోడలిని ఆడిపోసుకునే అత్తగారికి కూడా అర్థమయ్యేలా ఈ అమ్మాయి రాసింది. నాకు అన్నిటికంటే నచ్చిన పేజీలు అవే.

కొరత లేకపోలేదు. మందుల అధ్యాయం ఇంకొంచెం పెంచాల్సింది. అయితే రేపే నయమైపోతుందన్న ఆశ ఎక్కడా పెట్టలేదు, అందుకు మెచ్చుకోవాలి.

విద్యార్థులు మొదటి నుంచి వరసగా చదవండి. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులు మాత్రం చివరి అధ్యాయం ముందు తెరవండి. నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి, బొబ్బను శుభ్రమైన సూదితో గుచ్చి నీరు తీశాక పైతోలు ఎందుకు ఊడదీయకూడదు, గాయానికి అంటుకోని కట్టు ఎలా వేయాలి, అన్నీ అక్కడ ఉన్నాయి.