డిజిటల్ గ్రంథసూచికలలోఁ దెలుఁగు పేళ్లు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకుఁ బోయినవారికి మొదటఁ గానవచ్చునవి పుస్తకములు గావు. అశోకనగర ప్రాంతమునుండి వచ్చి దినమెల్లఁ గూర్చుండి యుద్యోగపరీక్షలకుఁ జదువుకొను యువజనులు. వారిలో నొకఁడు మాడపాటి హనుమంతరావుగారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ కావలెనని చేతిలోని ఫోనునఁ దెలుఁగులిపిలో వెదకి, యొకానొక డిజిటల్ సంచయమునందు లేదని నాతోఁ జెప్పెను. ఆ గ్రంథ మందున్నది. కాని దాని పేరు రోమను లిపిలో, నదియుఁ దప్పుగా, వ్రాయఁబడియున్నది.

ఇట్టి వివరణమును లోకము మెటాడేటా యనుచున్నది. గ్రంథము సంజ్ఞి, వివరణము సంజ్ఞ. సంజ్ఞ చెడినచో సంజ్ఞి యెదుట నున్నను వ్యవహారమునకు రాదు.

ఈ శతాబ్దారంభమున రాజ్ రెడ్డిగారి ప్రేరణముచేఁ బదిలక్షల గ్రంథముల సంకల్పము వెలసెను. మన నగరమందలి ఐ.ఐ.ఐ.టి. మొదలగు కేంద్రములలోఁ బాతపుస్తకములకుఁ బుటపుటకును బ్రతిబింబములు తీయఁబడినవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను పేరఁ బరఁగిన యా సంచయములోని గ్రంథము లనేకములు నేఁడు ఇంటర్నెట్ ఆర్కైవునందు లభించుచున్నవి. ఆ మహాకార్యమునకు నమస్కరించియే యీ విమర్శకుఁ బూనితిని. ప్రతిబింబము తీయుటకు యంత్రము చాలును. పేరు వ్రాయుటకుఁ దెలుఁగు తెలిసినవాఁడు కావలెను. అందుఁ బెక్కు గ్రంథనామములు దీర్ఘచిహ్నములును మూర్ధన్యచిహ్నములును లేని రోమను లిపిలో నున్నవి. కర్తృనామముండవలసిన తావునఁ గొన్నిటికి ‘అలభ్యము’ అని యున్నది.

ఇందలి హాని యెంతటిదో లెక్కించి చూతము. ‘మాడపాటి’ని చిహ్నములు లేక రోమనున వ్రాసి మరలఁ దెలుఁగునకుఁ దెచ్చిన, మూఁ డకారములకు హ్రస్వదీర్ఘభేదమున 8, నడిమి హల్లులు రెండింటికి దంత్యమూర్ధన్యభేదమున 4, తుది యికారమునకు 2, గుణింపఁగా 64 రూపములగును. అందు ‘మదపతి’యు నొకటి! నారాయణగూడలో 1928లో నాయన నెలకొల్పిన బాలికల పాఠశాలలో నీ పేరు తప్పుగాఁ బలుకు బాలిక యుండదు.

ఒక భాగము వికృతమైనంతమాత్రమున వస్తువు వేఱుగాదని వ్యాకరణపరిభాష. తోఁక తెగిన కుక్క కుక్కయే కాని గుఱ్ఱము గాదు. యంత్ర మీ పరిభాష నెఱుఁగదు. అరసున్నతోడి ‘తెలుఁగు’ను, అరసున్న లేని ‘తెలుగు’ను దానికి వేఱుమాటలే. 1991 నాఁటి యూనికోడునందే మన లిపికిఁ జోటు దొరకినది, అరసున్నకును శకటరేఫమునకును సహితము సంకేతములు గలవు. కావున లిపి లేమి సాకు గానేరదు. ఒక రూపమును బ్రమాణముగా నిలిపి, తక్కిన రూపములను స్థానివద్భావమున దానికే చెందునట్లు కూర్పవలెను. గ్రంథాలయశాస్త్రజ్ఞులు దీనినే ఆథారిటీ ఫైలందురు.

ఇంత సూక్ష్మతకు నియమము లొప్పవని కొంద ఱనుచుందురు. ఇది సరికాదు. 1995లో అమెరికాలో ఒహైయో రాష్ట్రమందలి డబ్లిన్ పట్టణమునఁ గూడిన సభనుండి పుట్టిన డబ్లిన్ కోరున 15 అంగములు గలవు. ప్రతి యంగమును నెన్నిమాఱులైనఁ జెప్పవచ్చును. తెలుఁగు రూపమును, రోమను రూపమును, ముఖపత్రముపై నున్న రూపమును మూఁడును జేర్చినఁ గాదనువారు లేరు. ‘శ్రీమత్’ అని మొదలగు పేళ్లన్నియు శకారముక్రిందఁ గుప్పవడు చిక్కును దీనితోనే తీఱును.

కాలనిర్ణయ మింకొక చిక్కు. రక్తాక్షి యని మాత్ర మున్నచో నది 1864-65 కావచ్చును, 1924-25 కావచ్చును, 1984-85 కావచ్చును. కాగితమును, అచ్చును, ముద్రాలయమును జూచి తేల్పవలెను. నైజాము రాష్ట్రమున ఫసలీ వ్యవహారముండెడిది. ఫసలీ 1344 అనఁగా క్రీ. శ. 1934-35. ఆ యంకెను క్రీస్తుశకముగాఁ గొనినచో గూటెన్‌బర్గు పుట్టకమునుపే తెలుఁగు పుస్తక మచ్చయినదగును!

నన్ను మిక్కిలి బాధించునది వేఱొకటి. నైజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరన్న మాటకుఁ బ్రత్యుత్తరముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. అందు 354 గురు కవులు గలరు. వివరణపత్రమున సంపాదకుని పేరొక్కటి వ్రాసి యూరకుండుట నియమమునకు విరుద్ధము గాదు; కాని తన తాత పద్యమున్నదో లేదో యని యొక పల్లెవాఁడు తాతపేరు పెట్టి వెదకినచో, యంత్రము లేదనియే చెప్పును. ప్రతాపరెడ్డిగా రేమాటను ఖండించుటకై యంత పాటుపడిరో యామాటనే మన సూచిక మరల నుచ్చరించినట్లగును. ఆ పేళ్లన్నియుఁ బుటసంఖ్యలతోఁ దెలుఁగున నెత్తి వ్రాయుట పెద్ద వ్యయముతోఁ గూడిన పని గాదు. పాతలిపి చదువనేర్చిన పండితుఁ డొకఁడును, ఓపికగా వ్రాయువారు నలుగురును గావలెను. చిక్కడపల్లిలో నోపికతోఁ గూర్చుండువారికిఁ గొదువ లేదు.